ఎవరినీ నొప్పించని గడ్డం

ముప్ఫై ఒక్క ఏళ్ల వృత్తి జీవితంలో మంగలి పాస్కో ఒక్క అభిప్రాయమైనా వెలిబుచ్చి ఎరగడు. దుబ్రోవ్నిక్‌లో అదేమంత గొప్ప కాదు. ఆ చిన్న రాజ్యమే అభిప్రాయాలు లేకుండా నాలుగు వందల ఏళ్లు నెగ్గుకొచ్చింది. ఇస్తాంబుల్ సుల్తానుకు కప్పం కట్టేది. రోములో పోపు పాదాలకు మొక్కేది. వెనిస్ వాళ్లు వస్తే నవ్వు మొహంతో సాగనంపి, వాళ్లు వీధి మలుపు తిరగగానే గడియ పెట్టుకునేది. ఎక్కడ యుద్ధం జరిగినా ఇరుపక్షాలకూ సంతాపం తెలిపి, ఇరుపక్షాల సరుకూ మోసిపెట్టేది. దీనికి తటస్థత అని పేరు. మామూలు మనుషులు చేస్తే ఇదే పనికి గోడ మీద పిల్లి అంటారు.

పాస్కో దుకాణం పెద్ద వీధిలో, గడియార గోపురానికి నాలుగు గుమ్మాల ఇవతల ఉండేది. అందులో రెండు కుర్చీలు. ఎందుకంటే నూరేళ్ల కిందట భూకంపం వచ్చి దొరల్లో సగం మంది పోతే, సభలో ఖాళీలు నింపడానికి కొందరు వర్తకులను దొరలు చేశారు. ఆనాటి నుంచి పాత ఇళ్ల దొరలు కొత్త ఇళ్ల దొరలకు నమస్కారం పెట్టరు, పిల్లనివ్వరు, వాళ్లు కూర్చున్న చోట కూర్చోరు. కాబట్టి కిటికీ పక్క కుర్చీ పాతవాళ్లది, గోడ పక్కది కొత్తవాళ్లది. పళ్లేలు రెండు, తువ్వాళ్లు రెండు. కత్తి మాత్రం ఒక్కటే. ఆ సంగతి ఎవరూ అడగలేదు, పాస్కో చెప్పలేదు.

"ఈ కొత్తోళ్లొచ్చాకే ఊరు పాడైపోయిందిరా పాస్కో," అని కిటికీ పక్క నుంచి.

"పాడైపోయింది దొరా."

"మేం రాకపోతే ఈ ఊరు ఎప్పుడో కూలిపోయేది, ఏమంటావ్?" అని మర్నాడు గోడ పక్క నుంచి.

"కూలిపోయేది దొరా."

అతని భార్య నీకె నోరు అతనిలాంటిది కాదు. "పెళ్లినాడు పాదిరిగారు 'ఈమెను చేసుకుంటావా' అని మూడుసార్లడిగారు ఈ మహానుభావుణ్ణి," అని వీధి బావి దగ్గర చెప్పేది. "మూడోసారికి 'మీరెలాగంటే అలాగే' అన్నాడు."

పాస్కోకు సంతానం లేదు. ఉన్నదల్లా తనకన్నా పదిహేడేళ్లు చిన్నవాడైన తమ్ముడు జూరో. తండ్రి సముద్రంలో పోయాడు, తల్లి మంచంలో పోయింది. అప్పటికి ఎనిమిదేళ్లవాడైన జూరోను నీకె చంకనేసుకుని పెంచింది. పాస్కో వాడి చేతిలో కత్తి పెట్టాడు. చెయ్యి బంగారం. గడ్డం మీద కత్తి ఆడుతుంటే కూర్చున్నవాడికి నిద్ర పట్టేసేది. కానీ వాడి చూపు ఎప్పుడూ రేవు వైపే. ఇరవయ్యో ఏట పొది చంకన పెట్టుకుని కరుణామాత అనే ఓడెక్కేశాడు. పాస్కో వద్దనలేదు. రాత్రంతా కూర్చుని వాడి కత్తులన్నీ నూరి ఇచ్చాడు.

ఇక గోస్పార్ ఓర్సాత్ గడ్డం సంగతి చెప్పాలి. గోస్పార్ అంటే ఆ ఊళ్లో దొరగారు. ఓర్సాత్ కొత్త ఇళ్లవాడు; పొడుగు మనిషి, పొట్టి గడ్డపుటెముక. సుల్తానుకు కప్పం పట్టుకెళ్లే రాయబారిగా సభ అతన్ని ఎన్నుకుంది. ఎన్నిక ముగిసిన క్షణం నుంచి రాయబారి గడ్డానికి కత్తి తగలకూడదన్నది ఆచారం. నున్నటి మొహాన్ని తురకలు పెద్దమనిషి మొహంగా లెక్కించరు. గడ్డం గుండెల దాకా దిగాకే రాయబారి బయలుదేరతాడు. సభ అనుమతి లేకుండా ఆ గడ్డం గీసినవాడికి ఆరు నెలలు చెరసాల, వృత్తి నుంచి వెలి. ఓర్సాత్‌ది సోమరి గడ్డం. ఆ పొడవు రావడానికి పదకొండు నెలలు పట్టింది. అయినా అతనికి దానిమీద ప్రాణం. ఎముక లేని చోట అదొక అండ.

సరిగ్గా అప్పుడే రష్యా రాణికీ సుల్తానుకూ యుద్ధం ముదిరి, రష్యా నౌకాదళం మధ్యధరాలోకి దిగింది. సెప్టెంబరులో జూరో ఉత్తరం వచ్చింది. ఊరి బయట లజారెత్ అనే క్వారంటైన్ కొట్టాల్లో దాన్ని వెనిగర్‌లో ముంచి, పొగ పట్టించి, ప్లేగు లేదని నమ్మకం కుదిరాక ఇచ్చారు. ఊరగాయ వాసన వేస్తున్న ఆ కాగితాన్ని పాస్కో కుర్చీల మధ్య నిలబడి చదివాడు.

'అన్నకు దండాలు. వదినకి మెల్లగా చెప్పు. అలెగ్జాండ్రియాలో గోధుమలెత్తుకుని వస్తుంటే రష్యావాళ్లు మమ్మల్ని ఆపారు. మా కెప్టెన్ మన ఊరిని కాచే పునీత వ్లాహో బొమ్మున్న జెండా చూపించాడు. వాళ్లు గోధుమలు చూశారు. ఎక్కడికీ అన్నారు. ఇస్తాంబుల్‌కి అన్నాడు. ఎవరు తింటారు అన్నారు. ఆకలైనవాళ్లు అన్నాడు. తటస్థ ఓడలో ఉన్నది తటస్థ సరుకేనని అరగంట ఉపన్యాసమిచ్చాడు. వాళ్లు శ్రద్ధగా విని ఓడని ఇటలీలో లివోర్నో రేవుకి లాక్కొచ్చి కట్టేశారు. నవంబరులో మార్టిన్ పండగలోగా మన సభ నుంచి పెద్దమనిషెవరైనా వచ్చి సంజాయిషీ చెప్పాలట. లేకపోతే ఓడ అమ్మేసి, మా ఇరవై మందినీ యుద్ధనౌకలకి పంచుకుంటారట. నా గురించి బెంగొద్దు. పొది నా దగ్గరే ఉంది. ఇక్కడి అధికార్లు గడ్డాలుంచుకోరు, రోజూ నేనే గీస్తున్నా. మాంసం పెడుతున్నారు.'

"చూశావా, వాడి చెయ్యి ఊరికే పోలేదు," అన్నాడు పాస్కో. గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. ఆ గర్వం సంగతి తలుచుకుని తర్వాత చాలాకాలం సిగ్గుపడ్డాడు.

"మార్టిన్ పండక్కి రెండు నెలల్లేవు. నీ దొరలు ఈలోపల కదుల్తారా?" అంది నీకె.

కదలకేం, సభ ఆ వారమే కూర్చుంది. సభామందిరం గుమ్మం మీద 'సొంత పనులు మరిచి, ఊరి పనులు చూడండి' అని చెక్కి ఉంటుంది. దొరలు అందులో మొదటి సగం ఎన్నడూ పాటించలేదు, రెండో సగం తొందరపడి చేసేవారు కాదు. చర్చలన్నీ పరమ రహస్యం, బయట చెబితే శిక్ష. అందువల్ల మధ్యాహ్నానికి గానీ పాస్కో దుకాణానికి చేరేవి కావు.

లివోర్నోకు ఎవరిని పంపాలన్నది ఒక్క రోజులో తేలిపోయింది. ఓర్సాత్‌కు ఫ్రెంచి వచ్చు. పైగా పాతవాళ్లకూ కొత్తవాళ్లకూ అతనంటే సమానంగా గిట్టదు. అంతకన్నా తటస్థుడు దొరకడు. చిక్కంతా గడ్డం దగ్గర వచ్చింది. ఆ గడ్డంతో వెళ్తే రష్యా నౌకాధిపతి, 'మీరు సుల్తాను బంట్లు కాకపోతే ఈ వేషమేమిటి?' అంటాడు. తీసేసి వెళ్దామంటే, తూర్పు ద్వారం దగ్గర సుల్తాను అధికారి బోస్నియా పాషా మనిషి కాఫీ తాగుతూ ఊళ్లోకి వచ్చేపోయే మొహాలన్నీ చూస్తుంటాడు. 'రష్యా కోసం దుబ్రోవ్నిక్ గడ్డం గీయించుకుంది' అన్న వార్త వారంలో ఇస్తాంబుల్ చేరుతుంది.

గడ్డం మీద సభ తొమ్మిదిసార్లు కూర్చుంది. నాలుగు వేళ్లు కత్తిరిద్దామని పాతవాళ్లు ప్రతిపాదిస్తే, పాతవాళ్లు ప్రతిపాదించారు కాబట్టి కొత్తవాళ్లు ఓడించారు. గుడ్డ కప్పుదామన్నారు కొత్తవాళ్లు. దానికీ అదే గతి. జెండా మీద పునీత వ్లాహోకే గడ్డముంది కదా, దాన్ని భక్తి కింద చెప్పుకుందామని ఒక ముసలి దొర అన్నాడు. రష్యావాళ్ల భక్తి వేరు కదా అని ఇంకో ముసలి దొర అడ్డుపడ్డాడు. అక్కడి నుంచి రెండు రోజులు మతం మీద నడిచింది. ఓడ ప్రస్తావన తరచుగా వచ్చేది, అందులో చాలామందికి వాటాలున్నాయి. నావికుల మాట ఒక్కసారి వచ్చింది, ఎవరో వాళ్ల తిండి ఎవరి లెక్కలో పడుతుందని అడిగినప్పుడు.

అక్టోబరు సగానికి వచ్చింది. ఓర్సాత్ మెడ వెనక జుట్టు సరిచేయించుకోడానికి వచ్చి గోడ పక్క కుర్చీలో చేరబడ్డాడు.

"నాదేముంది పాస్కో, సభ వెళ్లమంటే ఈ క్షణమే వెళ్తా. వాళ్లు తేల్చరు, నేనేం చేసేది?" అంటూ గడ్డం దువ్వుకున్నాడు. "అయినా ఈ చలికాలం సముద్రం... అబ్బ! తలుచుకుంటేనే పడిశం పట్టేలా ఉంది."

"అవును దొరా."

"మీ తమ్ముడెవరో అందులో ఉన్నాడటగా? ఏం పర్లేదులే, కుర్రాడు. నాలుగూళ్లు చూస్తాడు."

"చూస్తాడు దొరా," అన్నాడు పాస్కో. కత్తెర ఒక క్షణం ఆగింది. మళ్లీ కదిలింది.

మూడు రోజుల తర్వాత పదో సమావేశంలో, ఇరుపక్షాలూ అలిసిపోయి ఒక తీర్మానం చేశాయి. సభ బంట్రోతు దాన్ని ఎర్ర లక్క ముద్రతో తెచ్చి పాస్కో చేతిలో పెట్టాడు. 'రాయబారి గడ్డము ఏ రాజ్యమునూ నొప్పించని స్థితిలో ఉండవలెను. అమలుపరచువాడు: పాస్కో, మంగలి. గడువు: నాలుగు దినములు.'

పాస్కో దాన్ని మూడుసార్లు చదివి, బల్ల మీద పెట్టి, దానికేసి చూస్తూ కూర్చున్నాడు. నీకె పప్పు గరిటె పట్టుకునే వచ్చి చదివింది.

"భలే! రాజ్యభారం మంగలి పొదిలో పడేశారన్నమాట. ఉంచితే రష్యా నొచ్చుకుంటుంది, తీస్తే సుల్తాను నొచ్చుకుంటాడు. సగం గీసి పంపు, పోతుంది పీడ. ఎడంపక్క సుల్తానుకి, కుడిపక్క రాణికి."

"హాస్యాలాడకే. వాడక్కడున్నాడు."

నీకె గరిటె దించింది. మామూలు గొంతుతో అంది. "మన ఓడల్లో జెండాల పెట్టె ఉంటుందిగా. ఎవరెదురైతే వాళ్లకి తగిన జెండా తీసి ఎగరేస్తారు. మొగుడి గడ్డం మీద ప్రమాణం చేసి చెప్పమన్నా చెప్తా, ఆ ఓర్సాత్ దొర మొహం కూడా ఒక ఓడే. తీసి పెట్టెలో పెట్టు."

పాస్కో తలెత్తి ఆమెను చూశాడు. విగ్గులు కట్టడం అతనికి కొత్త కాదు. ఊళ్లో సగం బట్టతలల రహస్యం అతని చేతిలోనే ఉంది.

నాలుగు రోజులు తలుపు వేసి పనిచేశాడు. ఓర్సాత్ కళ్లు మూసుకుని కూర్చుంటే గడ్డం మొదలంటా గీసి, ఒక్క వెంట్రుక నేల పాలు కాకుండా పట్టుకుని, పల్చటి పట్టుగుడ్డకు పోగు పోగుగా కుట్టాడు. దేవదారు జిగురూ, చేప కడుపులోని గాలితిత్తీ కలిపి ఉడికించి, దాంతో తిరిగి అదే మొహానికి అతికించాడు. అద్దంలో చూసుకుని ఓర్సాత్ కంట నీరు పెట్టుకున్నాడు. గడ్డం అసలుదానికన్నా ఒత్తుగా ఉంది.

సభ పరమానందభరితమైంది. తటస్థతకు ఇంతకన్నా నిండైన రూపం ఆ రాజ్య చరిత్రలోనే లేదన్నారు. గడ్డం పెట్టుకోడానికి వాల్‌నట్ చెక్క పెట్టె చేయించి, మూత మీద రాజముద్ర వేయించారు. పాస్కోకు కృతజ్ఞతా తీర్మానం చేద్దామా అన్నది ఓటుకు పెడితే సరిసమానంగా వచ్చి ఆగిపోయింది. ఓర్సాత్ గడ్డంతో పాషా మనిషి ముందు నుంచే దర్జాగా నడిచి ఓడెక్కాడు. రేవు దాటాక తీసి పెట్టెలో పెట్టాడు. మార్టిన్ పండగకు ఒక రోజు ముందు లివోర్నోలో దిగాడు.

డిసెంబరులో కరుణామాత తిరిగొచ్చింది. పాస్కో, నీకె లజారెత్ గోడ దగ్గరికి పరుగెత్తారు. గోడ అవతల నావికులు నిలబడి తమవాళ్లను కేకలేస్తున్నారు. పాస్కో ఒక్కో మొహమే చూసుకుంటూ పోయాడు. చివరి మొహం దాకా చూసి, మళ్లీ మొదటి నుంచి చూశాడు.

"జూరో ఏడయ్యా?" అని నీకె అరిచింది.

కెప్టెన్ టోపీ తీశాడు. "వాణ్ణొదల్లేదమ్మా. వాళ్ల నౌకాధికారి ఒకడు, 'అందర్నీ తీసుకుపోండి, మంగలిని మాత్రం ఇవ్వను, ఇన్నేళ్లలో నా మొహం మీద గాటు పడనిది ఇప్పుడే' అన్నాడు. మన దొరగారు సరేనన్నారు."

క్వారంటైన్ నావికులకు నలభై రోజులు, దొరకు పద్నాలుగు. ప్లేగుకు కూడా అంతస్తులు తెలుసు. పదిహేనో రోజున ఓర్సాత్ పెట్టె పట్టుకుని దుకాణానికి వచ్చాడు. పాషా మనిషి కంట పడకుండా పక్క సందుల్లోంచి, మొహానికి శాలువా చుట్టుకుని వచ్చాడు. మొహం మాసి ఉంది. అది గీసి, గడ్డం అతికించాలి. ఇక ప్రతి పొద్దుటా అదే పని.

"ఏం బాధపడకోయ్," అన్నాడు కుర్చీలో చేరబడి. "ఇరవైకి పంతొమ్మిది మందిని తెచ్చా. అన్నం వడ్డిస్తే ఒక మెతుకు కిందపడదా? పైగా మీవాడు ఇష్టపడే కొలువులో చేరాడని కాగితం కూడా ఉంది. ఇదిగో."

కాగితం అడుగున జూరో పేరు, పేరు పక్కన వేలిముద్రగాళ్లు పెట్టే సిలువ గుర్తు ఉన్నాయి. పాస్కో ఆ గుర్తును వేలితో తడిమాడు. జూరో సొంత చేత్తో రాసిన, ఊరగాయ వాసన వేసే రెండు పేజీల ఉత్తరం ఇంకా అతని జేబులోనే ఉంది.

ఓర్సాత్ తల వెనక్కి వాల్చాడు. పాస్కో నురుగు పట్టించి, కత్తి తోలుపట్టీ మీద నాలుగుసార్లు నూరి, గొంతు మీద ఆనించాడు. ముప్ఫై ఒక్క ఏళ్లలో మొదటిసారి, కత్తి ఎక్కడుందో గమనించాడు. కత్తి కింద నరం కొట్టుకుంటోంది. దొర కళ్లు మూసుకుని, లివోర్నో పీతల పులుసు గురించి చెబుతున్నాడు.

పాస్కో నున్నగా గీశాడు. నీళ్లతో కడిగాడు. తువ్వాలుతో తుడిచాడు. పెట్టె తెరిచి గడ్డం చేతిలోకి తీసుకుని, దులిపి, మళ్లీ పెట్టెలో పెట్టేశాడు.

"జిగురైపోయింది దొరా."

"అయిపోతే కలుపు."

"నాకు రాదు దొరా. కలపడం మా తమ్ముడికొక్కడికే తెలుసు. వాడు వెళ్తూ వెళ్తూ కలిపిచ్చి వెళ్లింది ఇన్నాళ్లూ వాడా."

ఓర్సాత్ కళ్లు తెరిచాడు. "అదేమిటి! వేరే జిగురేదైనా..."

"పెట్టొచ్చు దొరా. పాషా మనిషి ముందు నడుస్తుంటే ఊడితే మాత్రం నన్నడక్కండి." పెట్టె మూత వేసి, "నా అభిప్రాయమడిగితే, మా తమ్ముణ్ణి తెప్పించుకోవడం మంచిది," అన్నాడు.

ఎవరూ అడగలేదు. కానీ చెప్పేశాడు.

నావికుల కోసం నెల దాకా కదలని సభ, గడ్డం కోసం ఆ పూటే కూర్చుంది. పాతవాళ్లూ కొత్తవాళ్లూ కలిసి ఒకే మాట మీద ఓటు వేశారు. భూకంపం తర్వాత అలా జరగడం అదే మొదలని కిటికీ పక్క దొరలు చెప్పుకున్నారు. సుల్తాను దగ్గరికి వెళ్లే గడ్డం కోసమని రష్యావాళ్లకు రాయలేరు కదా, అందుకని జూరో తల్లి మరణశయ్య మీద ఉందని రాశారు. పద్దెనిమిదేళ్ల కిందట పోయిన ఆ తల్లి, రాజ్యక్షేమం కోసం మళ్లీ మంచం పట్టింది. ఉత్తరంతో పాటు ఆ నౌకాధికారికి రెండు పీపాల తియ్యటి మాల్వాసియా ద్రాక్షసారాయీ, పాదువా నుంచి రప్పించిన ఇంకో మంగలినీ పంపారు. ఓర్సాత్‌కు జ్వరమని ఊళ్లో చాటించి ఇంట్లో దాచారు. పాషా మనిషి పాపం మంచివాడు. వారం వారం రోగికి నిమ్మకాయలు పంపేవాడు.

ఫిబ్రవరి చివర జూరో లజారెత్‌లో దిగాడు. సభ గుమస్తా జిగురు పాళ్లు రాసుకోడానికి కాగితం, కలం పట్టుకుని బయలుదేరాడన్న కబురు పాస్కోకు ముందే అందింది. గుమస్తా కన్నా ముందే పాస్కో గోడ చేరాడు.

"జిగురేంటి?" అన్నాడు జూరో. చిక్కిపోయాడు, కళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. "నాకేం తెలుసన్నా! కలిపేది నువ్వేగా."

"గట్టిగా అనకురా. నీకే తెలుసని చెప్పా."

జూరో అన్న మొహంలోకి చూశాడు. "నువ్వా? దొరల ముందు? అబద్ధమా?"

"ఆ సిలువ గుర్తు నువ్వు పెట్టావా?"

"నేను పెడితే సిలువతో ఆగేవాణ్ణా అన్నా! పేజీ నిండా తిట్లుండేవి."

పాస్కో గోడ ఇవతల నుంచే గబగబా పాళ్లు చెప్పేశాడు. గుమస్తా రొప్పుతూ వచ్చేసరికి జూరో గంభీరంగా చెప్పడం మొదలుపెట్టాడు. దేవదారు జిగురు ఇంత, చేప తిత్తి ఇంత. "ముఖ్యమైన సంగతి రాసుకోండి. అతికించాక సూర్యాస్తమయం దాకా, అతికించుకున్నవాడు నోరు మెదపకూడదు. మెదిపితే పట్టు పోతుంది." గుమస్తా కింద గీత గీసి మరీ రాసుకున్నాడు. ఆ వేసవిలో ఓర్సాత్ ఇస్తాంబుల్ వెళ్లి, పగలంతా ఒక్క మాట మాట్లాడకుండా రాయబారం నడిపి తిరిగొచ్చాడు. ఇంత వివేకవంతుడైన రాయబారిని తాము చూడలేదని సుల్తాను మంత్రులు సభకు రాశారు.

ఆ వేసవికి ముందే, నలభై రోజులు నిండి జూరో బయటికొచ్చిన పొద్దున నీకె వాడి రెండు చెంపలూ వాయించి, ఆపైన ముద్దులు పెట్టుకుంది. వాడు నేరుగా దుకాణంలోకి వచ్చి నిలబడ్డాడు. ఇంకొకరి గడ్డాలు గీసీ గీసీ వాడి మొహమే అడవి అయిపోయింది.

"ఎందులో కూర్చోనన్నా?"

పాస్కో కిటికీ పక్క కుర్చీ చూశాడు, గోడ పక్క కుర్చీ చూశాడు. "నీ ఇష్టంరా."

జూరో ఒకదాంట్లో కూర్చుని, రెండోదాని మీద కాళ్లు బార్లా చాపుకున్నాడు. పాస్కో నురుగు పట్టించాడు. కత్తి జారి, దవడ కింద చిన్న గాటు పడింది. ముప్ఫై రెండో ఏట, మొదటి గాటు.

"ఆ రష్యా దొర ఉంటే నిన్నొద్దనేవాడు," అన్నాడు జూరో.

గుమ్మంలో ఇద్దరు దొరలు నిలబడి ఉన్నారు, ఒకరు పాత ఇళ్లవాడు, ఒకరు కొత్త ఇళ్లవాడు. ఖాళీ కుర్చీ కోసం చూసి, ఇద్దరూ చెరో వైపు మొహం తిప్పుకున్నారు.

"ఎంతసేపురా పాస్కో?" అన్నాడు ఒకడు.

"అవుతుంది దొరా," అన్నాడు పాస్కో తల తిప్పకుండా. "ఇది మెల్లగా చేయాల్సిన గడ్డం."